ఆర్థర్ కాటన్: కుటుంబం, కొలువు, కర్నూలు–కడప కాలువ

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 – 1899 జూలై 24) మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన బ్రిటిష్ సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినందుకు గోదావరి జిల్లాల్లో ఆయన నేటికీ కాటన్ దొర. అక్కడ చాలా ఊళ్ళలో ఆయన విగ్రహాలున్నాయి, పుష్కరాల్లో ఆయన పేరిట పిండప్రదానం చేసేవారూ ఉన్నారు. కర్నూలు, కడప వైపు వస్తే ఈ పేరు అంతగా వినపడదు. కానీ ఆయన తలపెట్టిన పనుల్లో ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో పడి, కోట్ల రూపాయలు మింగి, ఆయన ప్రత్యర్థులకు ఆయుధంగా మారిన కాలువ ఈ రెండు జిల్లాలదే.

వంశం, అన్నదమ్ములు

తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్‌కు పదకొండుమంది కొడుకులు. వారిలో ఆర్థర్ పదోవాడు. తాత సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్ కాంబర్‌మియర్ జమీందారు. పెదతండ్రి కొడుకు స్టేపుల్టన్ కాటన్ టిప్పు సుల్తాను మీద 1799లో జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు, 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్నాడు, లార్డ్ కాంబర్‌మియర్ బిరుదుతో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు.

సొంత అన్నల్లో సిడ్నీ కాటన్ వాయవ్య సరిహద్దులో పేరుపొందిన సేనాని. 1857 తిరుగుబాటు నాటికి పెషావర్‌లో ఉన్నాడు, చివరి రోజుల్లో లండన్‌లోని చెల్సీ సైనికాశ్రమానికి గవర్నరయ్యాడు. ఇంకో అన్న రిచర్డ్ లించ్ కాటన్ కత్తి పట్టలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో వూస్టర్ కళాశాలకు అధిపతిగా, విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశాడు. తమ్ముడు ఫ్రెడరిక్ కానియర్స్ కాటన్ కూడా మద్రాసు ఇంజనీరే. 1904లో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన హెన్రీ కాటన్‌ను కొందరు ఈ ఇంటివాడే అనుకుంటారు. ఇంటిపేరు ఒకటే గాని వంశం వేరు.

సైన్యంలో చేరిక, ఆనకట్టలు

ఆర్థర్ ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కూంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారిగా చేరాడు, 1821లో ఇండియాకు వచ్చాడు. 1824–26 బర్మా యుద్ధంలో పోరాడాడు. చెప్పుకోదగ్గ యుద్ధానుభవం అంతే. అన్నకు, పెదతండ్రి కొడుక్కు బిరుదులు తుపాకి తెచ్చిపెడితే ఈయనకు నీళ్ళు తెచ్చిపెట్టాయి.

కావేరి మీద పనిచేసేటప్పుడు చోళుల నాటి కల్లణై ఆనకట్టను ఆయన దగ్గరగా పరిశీలించాడు. అడుగున రాయి తగలని ఇసుక నదిలో పునాది ఎలా నిలబెట్టాలో ఈ దేశపు పాతకాలపు పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని తరువాత ఒప్పుకున్నాడు కూడా. ఆ విద్యతోనే 1836 నాటికి కావేరి పాయ కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట, 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట లేచాయి. ఆయన సలహా మీద విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్టను చార్లెస్ ఓర్ 1855లో ముగించాడు. 1861లో కాటన్‌కు సర్ బిరుదు, 1866లో నైట్ కమాండర్ ఆఫ్ ది స్టార్ ఆఫ్ ఇండియా వచ్చాయి. సైన్యంలో జనరల్ హోదా దాకా ఎదిగాడు.

తుంగభద్ర నీళ్ళు, కంపెనీ లెక్కలు

డెల్టాల్లో దక్కిన లాభం చూసి కాటన్‌కు ధైర్యం హెచ్చింది. తుంగభద్ర నీటిని ఎగువనే మళ్ళించి, కర్నూలు, కడప మీదుగా పెన్న లోయలోకి దింపి, నెల్లూరు తీరం దాకా తీసుకుపోవచ్చని ఆయన ఆలోచన. పొలానికి నీరు ఇస్తూనే పడవలూ నడవాలి. రైలు కన్నా కాలువ మేలన్నది ఆయన జీవితమంతా వదలని వాదం. ఈ పని కోసం 1858లో మద్రాసు నీటిపారుదల, కాలువల కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వమే పూచీ పడింది. కాలువ పారినా పారకపోయినా వాటాదారుకు వడ్డీ ముడుతుంది కాబట్టి పొదుపు చేయాల్సిన అవసరం కంపెనీకి కనబడలేదు. పని సగంలో ఉండగానే పెట్టుబడి చాలకపోయింది, మళ్ళీ అప్పు చేయాల్సి వచ్చింది.

పెద్ద పథకంలో చేతికొచ్చింది ఒక్క ముక్కే. కర్నూలుకు సుమారు 17 మైళ్ళ ఎగువన సుంకేసుల వద్ద రాతి పడకలో ఆనకట్ట కట్టారు. అక్కడి నుంచి బయలుదేరిన కాలువ కర్నూలు ఊరి అంచున హంద్రీని పైవంతెన మీద దాటి, నంద్యాల వైపు మళ్ళి, కుందూ లోయ వెంట దిగి, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దాటి కడప చేరుతుంది. పొడవు 190 మైళ్ళు. 1871 నాటికి నీళ్ళు పారాయి. అప్పటికి ఖర్చు రెండు కోట్ల రూపాయలు దాటింది.

నీళ్ళు వచ్చాయి గాని రైతు రాలేదు. ఇక్కడి రైతుకు తెలివి లేదని నాటి తెల్లదొరలు విసుక్కున్నారు. నంద్యాల రేగడిలోకి దిగి చూస్తే సంగతి తెలుస్తుంది. నల్లరేగడి వానాకాలమంతా నీరు తాగి పట్టి ఉంచుతుంది. వానలు తగ్గాక గుంటక తోలి, గొర్రుతో జొన్నో పత్తో వేస్తే చలికాలపు మంచుతో, భూమిలోని తడితో పంట చేతికొస్తుంది. ఇదే నేలకు కాలువ నీరు పెట్టాలంటే ముందు చదును చేయాలి, గట్లు వేసి మడులు కట్టాలి, ఎరువు తోలాలి, పైగా నీటి తీరువ కట్టాలి. మామూలు సంవత్సరంలో ఇంత ఖర్చు నెత్తికెత్తుకోవడానికి ఏ రైతూ సిద్ధపడడు. గోదావరి డెల్టాలో వరి మడులు ముందునుంచీ ఉన్నాయి, నీరు తోడైతే చాలు. ఇక్కడ సేద్యం పద్ధతే మారాలి. కాటన్ లెక్కలో దొర్లిన తప్పు ఈ తేడా దగ్గరే ఉందనిపిస్తుంది. నీటిని కొలవడం ఆయనకు వచ్చినంత బాగా రేగడి రైతు ఇల్లు నడిపే లెక్క రాలేదు.

అంతలో 1876–78 ధాత కరువు వచ్చింది. కర్నూలు జిల్లా జనాభా 1871కీ 1881కీ మధ్య దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. ఆ ఏళ్ళలో కాలువ నీటికి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది, వానలు పడ్డాక మళ్ళీ తగ్గింది. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ ఇండియాలోని ప్రజాపనుల ఖర్చు మీద విచారణ జరిపింది. డెబ్బై అయిదేళ్ళ కాటన్ దాని ముందు కూర్చొని కాలువల పక్షాన వాదించాడు. డెల్టాల లాభం ఆయన వైపు నిలిచింది, కర్నూలు నష్టం ఎదుటివారికి పనికొచ్చింది. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనేసింది.

కాలువ నష్టం నిజమే. కానీ వడ్డీకి పూచీ ఇచ్చిన ప్రభుత్వాన్నీ, ఆ పూచీ చాటున ఖర్చు పెంచిన కంపెనీనీ పక్కనబెట్టి తప్పంతా కాటన్ మీదకు నెట్టడం న్యాయం కాదు.

భార్య, కూతురు, చివరి రోజులు

ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద టాస్మేనియాలో ఉన్నప్పుడు, 1841లో ఎలిజబెత్ లెర్‌మంత్‌ను కాటన్ పెళ్ళాడాడు. మరుసటి ఏడు అక్కడే పుట్టిన కూతురికీ ఎలిజబెత్ అనే పేరు పెట్టారు. ఈమె 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ను పెళ్ళాడి లేడీ హోప్ అయింది. తండ్రి మతనిష్ఠ ఈమెకు నిండుగా అబ్బింది. ఇంగ్లండ్‌లోని డోర్కింగ్‌లో తాగుడు మాన్పించేందుకు కాఫీ గదులు నడిపింది, ఊరూరా మతబోధ చేసింది. తండ్రి జీవితచరిత్రను 1900లో అచ్చు వేయించింది. కాటన్ గురించి రాసిన తరువాతివారు చాలామంది దాని మీద ఆధారపడ్డారు.

లోకం మాత్రం ఈమెను ఇంకో కథ ద్వారా గుర్తుంచుకుంది. చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో బైబిలు చదువుతూ, తన సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడుతూ తనకు కనిపించాడని ఈమె చెప్పినట్టు 1915లో ఒక అమెరికా పత్రిక వేసింది. డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో దాన్ని గట్టిగా ఖండించింది. లేడీ హోప్ అదే ఏడు సిడ్నీలో చనిపోయింది.

కాటన్ మలివయసు డోర్కింగ్‌లో గడిచింది. నేలను లోతుగా తవ్వి గోధుమ వేస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో చూడాలని తోటలోనే ప్రయోగాలు చేశాడు. 96 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

తరువాతి కాలువ

పడవలు పోయాయి, కాలువ సాగునీటికే మిగిలింది. రైతులు దాన్ని కేసీ కెనాల్ అంటారు. కృష్ణా జలాల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ దీనికి 39.9 టీఎంసీల నీరు కేటాయించింది, ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. ఒకప్పుడు నీరు వద్దన్న నంద్యాల వైపు రైతు ఇప్పుడు వరికి నీరు చాలలేదని ఆందోళన చేస్తున్నాడు. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన సుంకేసుల బ్యారేజీకి మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టారు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు నగరం మునిగినప్పుడు అది దెబ్బతింది. సుంకేసులలో నీరు నిల్వచేసే చోటు తక్కువ కావడంతో, తుంగభద్ర తగ్గినప్పుడు శ్రీశైలం జలాశయం నుంచి ముచ్చుమర్రి ఎత్తిపోతల ద్వారా కాలువకు నీరు అందిస్తున్నారు.