బేరమాడటానికి మంత్రి లేడు

2019 డిసెంబర్ 18, బుధవారం. ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్. అక్కడ డిసెంబరులో ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు పొడవదు. నైట్ డ్యూటీ దిగిన ఒక నర్సు మామూలుగా అయితే కోటు తగిలించుకుని బస్సు కోసం పరుగెత్తేది. ఆ రోజు ఆసుపత్రి గేటు బయటే ఆగిపోయింది. ఆమెకు పేరు పెట్టడం లేదు. ఆ ఉదయం గేట్ల దగ్గర నిలబడ్డ ఎంతోమందిని ఈ కథ కోసం ఒక్క మనిషిగా ఊహించాను. ఆమె మాటలూ ఊహే. మిగిలినదంతా జరిగింది.

ఎనిమిది కొట్టగానే సమ్మె మొదలైంది. రాత్రి ఎనిమిది దాకా, పన్నెండు గంటలు. సమ్మె చేసిన నర్సుల సంఘం రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 1916లో పుట్టింది. సమ్మె చేయరాదన్న నియమం 1995 దాకా దాని సొంత రూల్‌బుక్‌లోనే ఉండేది. దాన్ని కొట్టేశాక కూడా దాదాపు పాతికేళ్లపాటు ఎవరూ సమ్మె గడప తొక్కలేదు. 103 ఏళ్లలో ఇదే మొదటిసారి. ఓటేసినవారిలో 92 శాతం సమ్మెకే మొగ్గారు.

ఇంతకు తెగించడానికి అప్పట్లో రెండు కారణాలు. ఇంగ్లండ్ నర్సుకు వచ్చే జీతం అదే పని చేసే ఉత్తర ఐర్లండ్ నర్సుకు రావడం లేదు. రెండోది జీతం కన్నా పెద్దది. దాదాపు 2,800 నర్సు పోస్టులు ఖాళీ. ఇద్దరు మోయాల్సిన వార్డు ఒక్కరి నెత్తిన పడుతోంది. ఇళ్లకు వెళ్లి కట్లు కట్టే డిస్ట్రిక్ట్ నర్సులదీ అదే గోడు.

సమ్మెకు ముందు ఏ వార్డులో ఎంతమంది ఉండి తీరాలో యాజమాన్యం, సంఘం కూర్చుని తేల్చుకోవాలి. ప్రాణం మీదికొచ్చే విభాగాలకు మినహాయింపు. ఆ మాటలు ఇలా నడిచి ఉంటాయి.

"నా వార్డుకు ఎంతమందిని వదులుతారు?" అని వార్డు మేనేజర్ అడుగుతుంది.

"మీకు ఎంతమంది కావాలండీ?"

ఆమె ఒక అంకె చెబుతుంది. నర్సు ఒక్క క్షణం ఆగి, "పోయిన వారం నేనున్న రాత్రి అంతమంది లేరు కదా, మేడమ్" అంటుంది.

సమ్మె రోజుకు కనీసం ఎందరుండాలో రాతపూర్వకంగా తేలింది. మామూలు రోజుకు ఇంతమంది ఉండాల్సిందేనని కట్టడి చేసే చట్టం అప్పటికి లేదు. నాకు ఈ సమ్మె మొత్తంలో అన్నిటికన్నా గుచ్చుకునేది ఇదే.

అసలు చిక్కు వేరే ఉంది. బేరమాడదామంటే అటువైపు ఎవరున్నారు? స్టోర్‌మాంట్‌లోని ప్రాంతీయ ప్రభుత్వం 2017 జనవరిలోనే కూలిపోయింది. కూలడానికి కారణం కట్టెలు. నవ్వు వస్తుంది గానీ నిజం. చెక్క గుళికల బాయిలర్లు పెట్టుకున్నవారికి ఇచ్చిన సబ్సిడీ, ఆ గుళికల ధర కన్నా ఎక్కువ. ఎంత కాలిస్తే అంత లాభం! ఆ కుంభకోణం రగిలి ఉప ప్రథమ మంత్రి మార్టిన్ మెక్‌గిన్నెస్ రాజీనామా చేశారు. రెండూ జంట పదవులు కాబట్టి ప్రథమ మంత్రి పదవి కూడా దాంతోనే పోయింది. ఆ తర్వాత దాదాపు మూడేళ్లు మంత్రులే లేరు. సమాన జీతం మా చేతిలో లేదు, మంత్రి సంతకం కావాలి అన్నారు ఆరోగ్య శాఖ అధికారులు. ఆరోగ్యం స్టోర్‌మాంట్ చూసుకోవాల్సిన అంశం అంది లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం.

నర్సుల తరఫున మాట్లాడింది ప్యాట్ కల్లెన్, తానూ నర్సే. 2020 జనవరి 8న మళ్లీ సమ్మె. 9వ తేదీ రాత్రి ప్రభుత్వాన్ని తిరిగి నిలబెట్టే ఒప్పందం ముసాయిదా బయటికొచ్చింది. జీతాల వివాదాన్ని వెంటనే పరిష్కరిస్తామన్న వాగ్దానం అందులో ఉంది. అది చదివి కూడా 10న నర్సులు గేటు బయటే నిలబడ్డారు. మంచి పని చేశారు. మాటిచ్చినవాడు ఇంకా పదవిలోకే రాలేదు మరి!

జనవరి 11, శనివారం అసెంబ్లీ కూర్చుంది. రాబిన్ స్వాన్ ఆరోగ్య మంత్రి అయ్యారు. రోజుల్లోనే ఇంగ్లండ్‌తో సమాన జీతం ఖాయమైంది. మూడేళ్లుగా ఎవరికీ చేతకానిది సంతకం పెట్టే చెయ్యి దొరకగానే అయిపోయింది. మూడేళ్లలో అదనంగా 900 నర్సింగ్, మిడ్‌వైఫరీ సీట్లు ఇస్తామన్న హామీ కూడా ఆ ఒప్పందంలో ఉంది. తర్వాత కొన్ని వారాలకే కోవిడ్ వచ్చిపడింది.

2022 ఫిబ్రవరిలో స్టోర్‌మాంట్ మళ్లీ పడిపోయింది. జీతాలు మళ్లీ వెనకబడ్డాయి. 2024 జనవరి 18న నర్సులు, టీచర్లు, బస్సు డ్రైవర్లు అంతా కలిసి రోడ్డెక్కారు. ఫిబ్రవరి 3న మంత్రులు తిరిగొచ్చారు. జీతం ఊసు అప్పుడు గానీ కదల్లేదు.

ఈలోగా కల్లెన్ సంఘానికి దేశవ్యాప్త నాయకురాలై ఇంగ్లండ్‌లోనూ సమ్మె నడిపారు. అక్కడి అప్పటి చట్టం ప్రకారం సభ్యుల్లో సగం మందైనా ఓటు వేయాలి. 2023 జూన్‌లో వేసినవారిలో 84 శాతం సమ్మెకే మొగ్గినా, వేసింది 43 శాతమే. ఇంగ్లండ్‌లో సమ్మె అక్కడితో ఆగింది. ఆ షరతు పెట్టిన 2016 చట్టం ఉత్తర ఐర్లండ్‌కు వర్తించదు. 2024 జూలైలో కల్లెన్ ఫెర్మానా అండ్ సౌత్ టైరోన్ నుంచి ఎంపీగా గెలిచారు.

నర్సుల సంఖ్యపై వేల్స్ 2016లో చట్టం చేసింది, స్కాట్లండ్ 2019లో చేసింది. 2024లో మంత్రులు తిరిగొచ్చే నాటికి ఉత్తర ఐర్లండ్‌లో అలాంటి చట్టం ఇంకా రాలేదు.