ఆ గది నియమాలు ఎక్కడ పుట్టాయి

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు చేతబట్టుకుని సీటు కోసం వెళ్లేది కౌన్సెలింగే. పోలీస్ స్టేషన్ ఆవరణలో రౌడీషీటర్లను వరసగా నిలబెట్టి హెచ్చరించేదీ, తాగి బండి నడిపిన కుర్రాణ్ని తల్లిదండ్రుల ముందు కూర్చోబెట్టి మందలించేదీ కౌన్సెలింగే. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చాక, విడాకులకు వెళ్లిన జంటకు సర్దిచెప్పడానికీ అదే పేరు నిలిచింది. మనసుకు చేసే వైద్యం అన్న అర్థం తెలుగువాళ్లకు వీటన్నిటి తర్వాతే పరిచయమైంది. అందుకే ప్రైవేటు కౌన్సెలర్ గది ముందు మొదటిసారి కూర్చున్న మనిషికి, లోపల ఎవరో తనకు బుద్ధి చెప్పబోతున్నారన్న బెరుకు ఉంటుంది.

పిలుపు వచ్చేలోపు చేతికి ఒక కాగితం వస్తుంది. సెషన్ 50 నిమిషాలు. ముందురోజు చెప్పకుండా మానేస్తే ఫీజు కట్టాలి. చెప్పిన విషయాలు గది దాటవు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే తప్ప. కింద సంతకం. గుండెల్లో బరువు దించుకుందామని వస్తే ముందే డబ్బు మాటా, షరతులా అని మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ కాగితంలో ఒక్కో వాక్యం వెనక ఒక్కో మనిషి కథ ఉంది. కొన్నిటి వెనక కన్నీళ్లూ, ఒకదాని వెనక నెత్తురూ ఉన్నాయి.

వియన్నాలో 1880లో బెర్తా పాపెన్‌హైమ్ అనే 21 ఏళ్ల అమ్మాయి మంచాన పడ్డ తండ్రికి సేవ చేస్తూ తనే జబ్బుపడింది. చేతులు కాళ్లు చచ్చుబడ్డాయి. ఎంత దాహమేసినా గ్లాసు పెదవులకు ఆనించలేకపోయేది. కొంతకాలం మాతృభాష జర్మన్ పోయి ఇంగ్లిషు మాత్రమే మిగిలింది. డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆమె తోచింది చెప్పుకుంటూ పోయేది, చెప్పాక తేలికపడేది. దానికి ‘టాకింగ్ క్యూర్’ అని ఆమే పేరు పెట్టింది. మాటలతో మాన్పే వైద్యం అని. నవ్వులాటకి పొగగొట్టం మసి దులపడం అని కూడా అనేది. ఇవాళ ప్రపంచమంతా జరుగుతున్న థెరపీకి నామకరణం చేసింది ఒక రోగి అన్న సంగతి మరిచిపోకూడదు.

1895లో బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమె ‘అన్నా ఓ.’ అయింది. అందులో ఆమెకు నయమైనట్టే రాశారు. నిజానికి 1882లో ఆమె స్విట్జర్లాండ్‌లోని ఒక శానిటోరియంలో చేరాల్సి వచ్చింది. పూర్తిగా కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాత ఆమె పెద్ద సంఘసేవకురాలైంది, 1904లో జర్మనీ యూదు మహిళల సంఘాన్ని స్థాపించింది. 1936లో కన్నుమూసింది. 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్ర రాసిన ఎర్నెస్ట్ జోన్స్ అన్నా ఓ. అసలు పేరు బయటపెట్టాడు. ఒప్పుకుంటావా అని అడగడానికి ఆమె లేదు. మొట్టమొదటి మాటల వైద్యంలోనే ఫలితాన్ని ఎక్కువ చేసి చెప్పడం జరిగింది, రహస్యం బయటపడడమూ జరిగింది. రెండూ తప్పే.

ఫీజు నియమం ఫ్రాయిడ్‌ది. బెర్గ్‌గాసె వీధి 19వ నంబరు ఇంట్లో 1891 నుంచి 1938 దాకా ఉన్నాడాయన. ఓ రోగి బహుమతిగా ఇచ్చిన మంచం లాంటి సోఫా మీద వచ్చినవాళ్లను పడుకోబెట్టి, తల వెనక కుర్చీలో కూర్చునేవాడు. రోజుకి ఎనిమిది గంటలపాటు జనం తన ముఖంలోకి చూస్తుంటే భరించలేనని కారణం దాచకుండా రాశాడు. వైద్యం మొదలుపెట్టడం గురించి 1913లో రాసిన వ్యాసంలో, రోగికి తన రోజులో ఒక గంట అద్దెకిస్తున్నానన్నాడు. వచ్చినా రాకపోయినా ఆ గంట రోగిదే, దాని అద్దె కట్టాల్సిందే. డబ్బు సంగతి మొహమాటపడకుండా మొదటే తేల్చుకోవాలని, బాకీ పేరుకుపోనివ్వకూడదని కూడా చెప్పాడు. మొదటి ఒకటి రెండు వారాలు పరీక్షగా చూసుకుందామనడం ఆ వ్యాసంలో ఉన్న మరో మంచి మాట. నచ్చకపోతే మానేయవచ్చా అని ఇవాళ సందేహించేవాళ్లకి, వందేళ్ల క్రితమే ఆ వెసులుబాటు ఉందని తెలియాలి.

అన్ని నియమాలూ శాస్త్రం చెప్పినవి కావు. 1921లో ఫ్రాయిడ్ దగ్గర వారానికి 30 గంటల ఖాళీ ఉంది. రోజుకో గంట చొప్పున వారంలో ఆరు రోజులు, అంటే ఐదుగురికి సరిపోతుంది. వచ్చింది ఆరుగురు. ఒకరు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లండంటే ఎవరూ కదల్లేదు. చివరికి కూతురు అన్నా ఫ్రాయిడ్ ఆరైదుల ముప్పై అని లెక్కతేల్చింది. తలా ఐదు రోజులు. ఆ ఆరుగురిలో ఒకడైన అమెరికన్ డాక్టర్ అబ్రామ్ కార్డినర్ ఈ సంగతి తర్వాత పుస్తకంలో రాశాడు. ‘యాభై నిమిషాల గంట’ అన్న మాట కూడా 1955లో అమెరికన్ మనోవిశ్లేషకుడు రాబర్ట్ లిండ్నర్ తన పుస్తకానికి అదే పేరు పెట్టాక జనంలో బాగా నాటుకుంది.

మరి డబ్బు లేనివాడి మాట? 1918లో బుడాపెస్ట్‌లో జరిగిన మనోవిశ్లేషకుల సభలో ఫ్రాయిడే ఆ ప్రశ్న ఎత్తాడు. ఆపరేషన్ మీద పేదకి ఎంత హక్కుందో మనసు వైద్యం మీదా అంతే ఉందన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే 1920లో ఆయన శిష్యుడు మాక్స్ ఐటింగన్ సొంత డబ్బు పెట్టి బెర్లిన్‌లో క్లినిక్ తెరిచాడు. అక్కడ ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్లు ఇచ్చుకోవచ్చు, లేనివాళ్లు ఇవ్వక్కర్లేదు. ఇప్పుడు కొందరు కౌన్సెలర్లు ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తున్నారంటే ఆ వరవడి అక్కడిదే. తగ్గిస్తారా అని అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మన దేశంలో ఈ గది మొదట తెరుచుకున్నది కలకత్తా పార్శీబాగాన్ సందులో, 14వ నంబరు ఇంట్లో. డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్‌ది ఆ ఇల్లు. ‘పరశురామ్’ పేరుతో హాస్యకథలు రాసిన రాజశేఖర్ బసు ఆయన అన్నగారు. గిరీంద్రశేఖర్‌కి ఈ విద్య నేర్పిన గురువు లేడు. పుస్తకాలు చదివి, తన దగ్గరికి వచ్చినవాళ్లని విని సొంతంగా నేర్చుకున్నాడు. 1921లో మనసు కోరికలను అణచుకోవడం మీద రాసిన గ్రంథాన్ని ఫ్రాయిడ్‌కి పంపాడు. 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. వియన్నా చెప్పిందల్లా తలకెత్తుకోలేదు. యూరప్ రోగుల్లో అంత గాఢంగా కనిపించే కొన్ని భయాలు తన దగ్గరికి వచ్చే భారతీయుల్లో అలా కనిపించడం లేదని 1929లో ఫ్రాయిడ్‌కే నేరుగా రాశాడు. ఇద్దరూ ఏనాడూ కలుసుకోలేదు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకి కలకత్తా సంఘం దంతపు విష్ణుమూర్తిని పంపింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టుకున్నాడు. కొన్నాళ్లకి అది పగుళ్లిస్తే, కలకత్తాకి అలవాటుపడిన దేవుడికి వియన్నా వాతావరణం పడలేదేమో అని డైరీలో రాసుకున్నాడు.

ఇక్కడి గాలికి అక్కడి పద్ధతీ కొంత మారాల్సి వచ్చింది. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగితోపాటు కుటుంబాన్నీ అక్కడే ఉంచాడు. ఇంటివాళ్లను బయట కూర్చోబెట్టే వియన్నా పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. సలహా విషయంలోనూ అంతే. అమెరికాలో సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ 1942లో పుస్తకం రాసి, రోగి అనే మాట మాని క్లయింటు అన్నాడు. దారి చూపించడం కౌన్సెలర్ పని కాదు, క్లయింటే వెతుక్కోవాలన్నాడు. మనవాళ్లు మాత్రం నాలుగో మాటకే ‘మీరే చెప్పండి మేడమ్, ఏం చెయ్యమంటారు?’ అంటారు. ఆ అడగడంలో తప్పు లేదని, మన దేశంలో గురుశిష్య సంబంధమే వైద్యానికి నమూనా కావచ్చని డాక్టర్ జె.ఎస్. నేకీ 1973లో వాదించాడు. ఈ చర్చ ఇంకా తెగలేదు. తన కౌన్సెలర్ ఏ పద్ధతి వాళ్లో మొదటిరోజే అడిగి తెలుసుకుంటే, ‘ఊరికే వింటున్నారు, ఏమీ చెప్పట్లేదు’ అన్న నిరాశ చాలామందికి తప్పుతుంది.

కాగితంలోని ‘ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప’ అన్న ముక్క కాలిఫోర్నియా నుంచి వచ్చింది. బర్కిలీలో చదువుకుంటున్న ప్రొసేన్‌జిత్ పొద్దార్ అనే భారతీయ విద్యార్థి, తనను కాదన్న టాటియానా టారసాఫ్‌ను చంపుతానని థెరపిస్టుతో చెప్పాడు. థెరపిస్టు క్యాంపస్ పోలీసులకు తెలియజేశాడు. వాళ్లు పట్టుకుని, మామూలుగానే ఉన్నాడని వదిలేశారు. ఆ అమ్మాయికి గానీ తల్లిదండ్రులకు గానీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. 1969 అక్టోబరు 27న అతను అన్నంత పనీ చేశాడు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆపదలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకు ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1976లో తేల్చింది.

మన చట్టం ఈ చోటికి రావడానికి చాలాకాలం పట్టింది. 1912 నాటి చట్టం పేరులోనే పిచ్చి ఉంది. దాని ధ్యాసంతా మనిషిని ఎలా నిర్బంధించాలన్న దాని మీదే. హైదరాబాద్‌ మానసిక వైద్యశాల ఉన్నది ఎర్రగడ్డలో. ‘ఎర్రగడ్డలో చేర్పించాలి’ అన్నది తిట్టుగా మారిందంటే, ఆ గోడల భయం ఎంత లోతుగా దిగిందో తెలుస్తుంది. ఇంట్లో చెప్పకుండా కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేవాళ్లని ఇప్పటికీ వెంటాడుతున్నది ఆ భయమే. 1987లో కొత్త చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడాన్ని రోగి హక్కు చేసింది. ఇతరులకు హాని తప్పించడం, ప్రాణాపాయం, కోర్టు ఉత్తర్వు లాంటి మినహాయింపులను విడిగా రాసింది. తన రికార్డు చూపమని అడిగే హక్కూ ఇచ్చింది.

అయితే ఆ చట్టం మానసిక ఆరోగ్య నిపుణులుగా లెక్కించేది సైకియాట్రిస్టులు, రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టుల వంటి కొందరినే. తలుపు మీద కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నంతలో ఎవరూ ఆ లెక్కలోకి రారు. సైకియాట్రిస్టు ఎం.డి. చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉంటుంది. మిగతా సైకాలజిస్టులనూ కౌన్సెలర్లనూ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో చేర్చింది. ఏం చదివారు, ఎక్కడ నమోదయ్యారు, నోట్సు ఎక్కడ దాస్తారు, ఎవరికి చూపిస్తారు అని అడిగితే మంచి కౌన్సెలర్ నొచ్చుకోరు, జవాబిస్తారు. నొచ్చుకుంటే ఇంకొకరిని చూసుకోండి.

ఫీజు కట్టే స్తోమత లేకపోయినా, గది దాకా వెళ్లే ధైర్యం ఇంకా రాకపోయినా, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.