బీరు ఫ్యాక్టరీ పక్కన పుట్టిన అంకె

పసుపు మరక పడ్డ తెల్లచొక్కాకి సబ్బు రుద్దితే మరక ఒక్కసారిగా ఎర్రబడుతుంది. కంగారుపడి ఇంకాస్త రుద్దితే ఇంకాస్త ఎరుపు. నీళ్లలో బాగా జాడించి, పైన నిమ్మచెక్క పిండితే మళ్లీ పసుపురంగుకే వస్తుంది. పెళ్లివారింట పారాణి కలిపే ముత్తయిదువకి ఈ కిటుకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. పసుపులో కాస్త సున్నం వేసి రంగరిస్తే పెళ్లికూతురి పాదాలకు పెట్టే ఎరుపు తయారు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థానికి క్షారం తగిలితే రంగు మారుతుంది, పులుపు తగిలితే పాత రంగుకి తిరిగొస్తుంది.

రంగు చెప్పేది అంతవరకే. క్షారం ఉందని చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. ఆ ‘ఎంత’ అన్న ప్రశ్నకి తిన్నగా ఒక అంకె దొరికింది 1909లో. దాని పేరే పీహెచ్. ఇంటర్‌లో అయానిక సమతాస్థితి పాఠం చదివిన ప్రతి ఒక్కరికీ అది ఒక సూత్రంగా గుర్తుంటుంది: హైడ్రోజన్ అయాన్ల గాఢతకి లాగరిథమ్ కట్టి, ముందు మైనస్ పెట్టాలి. ఆ మైనస్ ఎక్కడి నుంచి వచ్చింది, పులుపు పెరిగితే అంకె ఎందుకు తగ్గుతుంది అని అడిగే పిల్లలకి సమాధానం దొరకడం అరుదు. ఆ సమాధానం ఈ అంకె పుట్టుకలోనే ఉంది. పుట్టుక చెప్పకుండా సూత్రం మాత్రమే చేతిలో పెట్టడం పిల్లలకి చేస్తున్న అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

రంగుల కథ పాతదే. 1664లో రాబర్ట్ బాయిల్ రంగుల మీద రాసిన పుస్తకంలో వయొలెట్ పూల పానకం గురించి చెప్పాడు. ఆమ్లం పడితే అది ఎర్రబడుతుంది, క్షారం పడితే ఆకుపచ్చగా మారుతుంది. క్షారాన్ని ఇంగ్లీషువాళ్లు ఆల్కలీ అంటారు. అది అరబ్బీ నుంచి వచ్చిన మాట, మొక్కల్ని కాల్చగా మిగిలిన బూడిద అని దాని మూలార్థం. మన దగ్గర సుశ్రుత సంహితలో క్షారం తయారుచేసే పద్ధతీ మొక్కల్ని కాల్చడంతోనే మొదలవుతుంది. బట్టలుతకడానికి చౌడుమట్టి వాడిన మన చాకలివారి పనితనంలో ఉన్నదీ ఈ రసాయనశాస్త్రమే.

అసలు పులుపుకి కారణమేమిటి? ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరిగింది. ఆ పొరపాటు మన భాషలో ఇప్పటికీ బతికే ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజర్ ప్రతి ఆమ్లంలోనూ ఒక వాయువు ఉండితీరుతుందని అనుకుని, దానికి ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థంలో ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. మన పాత పాఠ్యపుస్తకాలు దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి ఆమ్లజని అన్నాయి. 1810లో హంఫ్రీ డేవీ ఇప్పుడు మనం హైడ్రోక్లోరిక్ ఆమ్లం అని పిలిచే దాన్ని పరీక్షించి, అందులో ఆక్సిజన్ లేనే లేదని తేల్చాడు. ఆమ్లాన్ని పుట్టించేది హైడ్రోజన్ అన్న సంగతి ఆ తర్వాత మెల్లగా బోధపడింది. అంటే మన మాటల్లో చెబితే ఆమ్లజని పని నిజానికి ఉదజనిది. పేరు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండిపోయింది.

1884లో స్వీడన్‌లోని ఉప్సాల విశ్వవిద్యాలయంలో స్వాంటె అర్హీనియస్ అనే యువకుడు తన పరిశోధన వ్యాసం సమర్పించాడు. లవణాలూ ఆమ్లాలూ నీటిలో కరిగినప్పుడు విద్యుదావేశం గల ముక్కలుగా, అంటే అయాన్లుగా విడిపోతాయన్నది అతని ఊహకి మూలం. పరీక్షకులు చాలా తక్కువ గ్రేడు ఇచ్చి సరిపెట్టారు. అదే పని మీద 1903లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. అతని లెక్క ప్రకారం ఆమ్లం అంటే నీటిలో హైడ్రోజన్ అయాన్లను వదిలేది. శుద్ధమైన నీరు కూడా ఏ కాస్తో విడిపోతుందని, 25 డిగ్రీల దగ్గర లీటరుకు 0.0000001 మోల్ హైడ్రోజన్ అయాన్లు ఉంటాయని ఆ రోజుల్లోనే విద్యుత్ వాహకత కొలిచి తేల్చారు.

ఇక అసలు చోటికి వద్దాం. కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ యజమాని యాకబ్‌సన్ 1875లో ఒక పరిశోధనశాల పెట్టాడు. బీరు రుచి కాసేపు పక్కనపెడితే, ఆ పెద్దమనిషి పెట్టిన ఒక నియమం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది: అక్కడ కనుక్కున్న ఏ ముఖ్యమైన విషయమూ దాచుకోకూడదు, లోకానికి చెప్పేయాలి. ఆహారంలో, ధాన్యంలో నత్రజని కొలిచే కెల్‌డాల్ పద్ధతి 1883లో ఆ గోడల మధ్యే పుట్టింది. కెల్‌డాల్ పోయాక 1901లో ఆ కుర్చీలోకి వచ్చినవాడు సోరెన్ సోరెన్‌సెన్. ఆయన పట్టుకున్న సమస్య ఎంజైములది. గింజలోని పిండిని చక్కెరగా మార్చేవీ, మాంసకృత్తుల్ని విడగొట్టేవీ ఎంజైములే. వాటికి పులుపు విషయంలో పట్టింపు చాలా ఎక్కువ. కాస్త అటూ ఇటూ అయితే మొరాయిస్తాయి.

అంతకుముందు ఇలాంటి ప్రయోగాలు చేసినవాళ్లు ‘ఇంత ఆమ్లం కలిపాం’ అని రాసుకునేవారు. సోరెన్‌సెన్‌కి అది సరిపోలేదు. కలిపిన ఆమ్లంలో కొంత భాగాన్ని ద్రావణంలోని మాంసకృత్తులూ ఫాస్ఫేట్లూ మింగేస్తాయి. ఎంజైముకి తగిలేది స్వేచ్ఛగా తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్లే. ఇంటర్ ల్యాబ్‌లో ఉన్నవాటితోనే దీన్ని చూడొచ్చు. ఒకే గాఢత, 0.1 మోలార్, ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ అసిటిక్ ఆమ్లమూ సమాన పరిమాణంలో తీసుకోండి. బ్యూరెట్‌తో టైట్రేషన్ చేస్తే రెండూ సరిగ్గా ఒకే అంత కాస్టిక్ సోడా తాగుతాయి. అయినా మొదటిదాని పీహెచ్ 1, రెండోదానిది సుమారు 2.9. వెనిగర్‌లో ఉండే ఈ అసిటిక్ ఆమ్లం తన హైడ్రోజన్‌లో వందకి ఒక్క పాలు మాత్రమే బయటికి వదిలి, మిగతాది దగ్గరే ఉంచుకుంటుంది.

ఇన్వర్టేజ్, కాటలేజ్, పెప్సిన్ అనే ఎంజైముల మీద సోరెన్‌సెన్ కొలతలు తీశాడు. ప్లాటినం ఎలక్ట్రోడు మీదుగా హైడ్రోజన్ వాయువును బుడగలుగా పంపి, వచ్చే వోల్టేజీ చూసేవాడు. కొలతలన్నీ ఒక గ్రాఫు మీదకి ఎక్కించాలి. చిక్కు అక్కడే వచ్చింది. 0.1 అనే గాఢతకి గీత మీద ఒక మీటరు చోటిస్తే, 0.0000001కి దక్కేది మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఏ పెన్సిలూ ఆ చుక్క పెట్టలేదు. అందుకని ఆయన అంకెల్ని వదిలేసి వాటి ఘాతాంకాల్ని పట్టుకున్నాడు. 0.1 అంటే పదికి మైనస్ ఒకటి, 0.0000001 అంటే పదికి మైనస్ ఏడు. అన్నీ మైనస్సులే అయినప్పుడు ప్రతిసారీ మైనస్ రాయడం దేనికి? దాన్ని తీసేశాడు. సూత్రంలో పిల్లల్ని భయపెట్టే మైనస్ నిజానికి ఆయన తీసేసిన మైనస్. పులుపు పెరిగితే అంకె తగ్గడానికి కారణమూ ఇదే. అయాన్లు పదింతలు తగ్గితే ఎలక్ట్రోడు వోల్టేజీ ప్రతిసారీ సుమారు 58 మిల్లీవోల్టుల చొప్పున సమానంగా జరుగుతుంది కాబట్టి, పరికరం కూడా ఆయనతో ఘాతాంకాల భాషే మాట్లాడింది.

1909లో ఈ పని మీద ఆయన వ్యాసం అచ్చయింది. సోరెన్‌సెన్ ఈ అంకెని హైడ్రోజన్ అయాన్ ఘాతాంకం అన్నాడు. హెచ్ హైడ్రోజన్‌ది, సరే. పీ దేనిదనే విషయంలో చరిత్రకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఘాతానికి జర్మన్‌లోనూ ఫ్రెంచిలోనూ ఉన్న మాటలు పీతోనే మొదలవుతాయి కాబట్టి అవేనని కొందరు, రెండు ద్రావణాలకి పీ, క్యూ అని గుర్తులు పెట్టుకోవడం వల్ల అలా వచ్చిందని ఇంకొందరు.

ఈ పుట్టుక తెలిసినవాళ్లకి ఎంట్రెన్సుల్లో ఏటా ఎవరినో ఒకరిని బోల్తా కొట్టించే ఆ ప్రశ్న ఒక లెక్కే కాదు. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత? సూత్రం మాత్రమే తెలిసిన పిల్లవాడు 8 అని గీసేసి ముందుకెళ్తాడు. 8 అంటే క్షారం. నీళ్లలో ఆమ్లం చుక్క వేస్తే క్షారం ఎలా అవుతుంది? నీటికి సొంతంగా 10⁻⁷ ఉందని గుర్తుంటే, ఆమ్లం ఇచ్చినదాన్నీ నీటినుంచి వచ్చినదాన్నీ కలిపి కట్టుకుంటాం. ఆమ్లం పడ్డాక నీరు కాస్త తక్కువ విడిపోతుంది కాబట్టి జవాబు 6.98. తటస్థం అంటే ఎప్పుడూ 7 అనుకోవడమూ పొరపాటే. మన ఒంటి వేడిమి 37 డిగ్రీల దగ్గర నీరు ఇంకొంచెం ఎక్కువ విడిపోతుంది, తటస్థ బిందువు 6.8 దగ్గరికి దిగుతుంది.

హైడ్రోజన్ బుడగల ఎలక్ట్రోడు సున్నితమైన వ్యవహారం, ల్యాబ్ దాటి రాలేదు. పీహెచ్ కొలతని బయటికి తెచ్చింది నిమ్మరసం. 1934లో కాలిఫోర్నియాలో పండ్ల రైతుల సంస్థలో పనిచేసే ఒక రసాయనవేత్త తన పాత సహాధ్యాయి ఆర్నాల్డ్ బెక్‌మన్ దగ్గరికి వచ్చాడు. నిల్వ కోసం సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన నిమ్మరసంలో లిట్మస్ రంగు వెలిసిపోతోంది, పులుపు కొలవడమెలా? బెక్‌మన్ గాజు ఎలక్ట్రోడుకి వాక్యూమ్ ట్యూబుల యాంప్లిఫయర్ తగిలించి, అంతా ఒక పెట్టెలో అమర్చి ఇచ్చాడు. అదే బజారులోకి వచ్చిన పీహెచ్ మీటరు.

ఇప్పుడది పెన్ను సైజుకి వచ్చింది. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్ల మీద ఎంతోమంది రైతుల జేబుల్లో ఉంటుంది. రాత్రంతా నీటిలోని నాచు ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి తెల్లారేసరికి పీహెచ్ దిగుతుంది. ఎండెక్కాక ఆ నాచే ఆ వాయువును పీల్చుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. పొద్దున 7.8 ఉన్న నీరు మధ్యాహ్నం మూడింటికి 8.8 చూపిస్తే, హైడ్రోజన్ అయాన్లు పదో వంతుకి పడిపోయినట్టు. అంత పెరిగితే నీటిలోని అమ్మోనియా రొయ్యకి విషంగా మారడం మొదలవుతుంది. రైతు మీటరు కడిగి మూత పెట్టి, గట్టు మీదున్న కుర్రాడిని కేకేసి ఆ పూట మేత తగ్గించమంటాడు.