అరిగిన బుష్షు ఎటు పోయింది? మోటారు సైకిల్ మరమ్మతు చరిత్రలో ఒక అధ్యాయం

సాంకేతిక చరిత్ర అనగానే మీకు ఆవిరి యంత్రం, రైలుమార్గం గుర్తుకు వస్తాయి. ఈ పాఠ్యభాగంలో అంతకంటే చిన్న విషయం చూద్దాం. మోటారు సైకిల్ ఇంజను లోపలి భాగం పగిలితే, ఆ లోహపు ముక్కలను బయటికి తీయడం ఎలా? ఈ విద్యకు ఆధారాలు గ్రంథాలయాల్లో తక్కువ, రోడ్డు పక్క షెడ్లలో ఎక్కువ.

1980ల చివర నేను బరంపురం నుంచి శ్రీకాకుళం వస్తుండగా నా బుల్లెట్ ఇంజనులో దడదడమని శబ్దం మొదలైంది. కనెక్టింగ్ రాడ్ కింది బుష్షు అరిగిపోయింది. దారిలో ఒక షెడ్డులో కొత్త బుష్షు వేయించాను. టెక్కలి దాటి నిమ్మాడ చేరేసరికి మళ్లీ అదే శబ్దం. అక్కడ ఒక ముసలి మిస్త్రీ ఆయిల్ దించి, తెల్లగుడ్డలో వడకట్టి, మెరుస్తున్న రజను చూపించి, "కొత్త బుష్షు ఏసినారు సరే మాస్టారూ, పాత బుష్షు ఎటెల్లిపోనాది?" అన్నాడు. చరిత్ర చదువుకున్నవాణ్ణి, నాకు తట్టని ప్రశ్న అది.

జవాబు ఆ యంత్రం పుట్టుకలో ఉంది. 1955లో మద్రాసు మోటార్స్, ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. అప్పటి బుల్లెట్‌లో ఆయిల్ తొట్టి క్రాంక్‌కేసు పోతలోనే ఒక గది. ఒక పంపు ఆయిల్‌ను అందించేది, రెండోది తిరిగి తెచ్చేది. అరిగిన లోహం ఆ తొట్టి మూలల్లో, పంపుల్లో, ఫిల్టరులో, క్రాంక్ పిన్ను రంధ్రంలో దాక్కునేది. గేర్‌బాక్సు మాత్రం విడిగా, వేరే ఆయిల్‌తో ఉండేది కనుక అక్కడికి చేరేది కాదు.

ఫరీదాబాదు రాజ్‌దూత్, మైసూరు యెజ్డీ టూ స్ట్రోక్ బండ్లు. వాటిలో పెట్రోలుతో కలిసిన ఆయిలే క్రాంక్‌కేసులోకి వెళుతుంది. కాబట్టి రింగు విరిగితే ముక్క కింద బేరింగు దాకా దిగవచ్చు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక పరిస్థితి మరోలా మారింది. ఇంజను, క్లచ్, గేర్లు అన్నిటికీ ఒకే ఆయిల్. పిస్టన్ అంచు పగిలితే ఆ ముక్కలు గేర్ల మధ్యకూ పోతాయి. అడుగున జాలీ, క్రాంకుతో పాటు తిరిగే ఫిల్టరు ఉన్నా, అవి పట్టేది కొంతే. మైలేజీ పెరిగింది, శుభ్రం చేయవలసిన చోట్లూ పెరిగాయి.

షెడ్డు భాషలో రెండు మాటలు గమనించండి: 'హాఫ్ ఇంజను', 'ఫుల్ ఇంజను'. మొదటిది హెడ్, బోరు వరకే. రెండోది క్రాంక్‌కేసు రెండుగా విప్పడం. ఖర్చుకు భయపడి యజమాని హాఫ్ అంటాడు. ముక్కలు కింద మిగులుతాయి. చాలా ఇంజన్లు రెండోసారి పాడవడానికి మిస్త్రీ చేతగానితనం కంటే ఈ బేరమే కారణమని నా అభిప్రాయం. ఉద్దానంలో జీడి, కొబ్బరి పంట చేతికొచ్చేదాకా డబ్బు ఉండని ఇంట్లో ఆ బేరాన్ని తప్పుపట్టలేం కూడా.

ఆ మిస్త్రీ నా బండిని పూర్తిగా విప్పాడు. అయస్కాంతానికి అంటిన రజను ఇనుము, అంటనిది బుష్షుది లేదా అల్యూమినియం అని వేరు చేశాడు. అంటే ఏ భాగం పోయిందో చెత్తే చెప్పింది. కేసును కిరోసిన్‌తో మూడుసార్లు కడిగాడు, చివరిసారి కిరోసిన్ తేటగా వచ్చేదాకా. ఆయిల్ దారులన్నిటిలో గాలి కొట్టాడు. పీచు రాలే పాతగుడ్డను లోపల పెట్టనివ్వలేదు, ఆ పీచే దారి మూసేస్తుందట. బేరింగులు కడిగితే సరిపోదని కొత్తవి వేశాడు. ఫిల్టరు మార్చాడు. కొత్త ఆయిల్ పోసి, కొద్దిసేపు నడిపి, దాన్నీ దించేశాడు. అంత ఆయిల్ పారబోయడం నాకు దుబారాగా తోచింది. దించిన ఆయిల్‌ను మళ్లీ వడకట్టినప్పుడు గుడ్డపై ఇంకా రెండు మెరుపులు కనిపించాయి.

అభ్యాసం: మీ ఊరి షెడ్డులో వయసు మళ్లిన మిస్త్రీని కలవండి. పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మొదట విప్పిన బండి ఏది, ఇంజను దేనితో కడిగేవారు, ఇప్పుడు దేనితో కడుగుతున్నారు అని అడిగి, ఆయన మాటల్లోనే రెండు పుటలు రాయండి. ఆయన వాడిన పనిముట్ల పేర్లను పుస్తక భాషలోకి మార్చవద్దు.