కరక్కాయ నీటి నుంచి నాఫ్తలీన్ దాకా: దువ్వాడ పరిసరాల్లో కాంక్రీటు సంకలిత ద్రవ్యాల చరిత్ర

కీలక పదాలు: గానుగ సున్నం, కరక్కాయ, బెల్లం, సూపర్‌ప్లాస్టిసైజర్, స్లాగ్, విశాఖ ఉక్కు, వృత్తి పదజాలం

ఉపోద్ఘాతం

హౌరా-చెన్నై రైలుమార్గంలో దువ్వాడ స్టేషనుకు సమీపంలోనే విశాఖ ఉక్కు కర్మాగారం ఉంది. మరికొంత దూరాన పరవాడ వద్ద సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. చెన్నై దిశగా పోతే బెల్లం వ్యాపారానికి పేరుపొందిన అనకాపల్లి వస్తుంది. అటు ఉత్తరాన, పడమరన మన్యపు అడవులు. అక్కడి గిరిజనులు సేకరించే అటవీ ఉత్పత్తులలో కరక్కాయ ఒకటి. ఈ నాలుగు తావులనూ కలిపే విషయం ఒకటుంది. సున్నంలోనో సిమెంటులోనో కొద్దిపాటిగా కలిపి దాని నడవడిని మార్చే ద్రవ్యాలు ఈ నాలుగు చోట్లా లభిస్తాయి. ఇంజనీర్లు వీటిని ‘అడ్మిక్స్చర్లు’ అంటారు. ఇవి ఆధునిక రసాయన పరిశ్రమతోనే పుట్టాయనే భావన తరచుగా వినబడుతుంది. ఈ ద్రవ్యాలు చేసే పని చాలావరకు పాతదేననీ, ఆ పని మర్మం తెలిసినవారు మాత్రం మారిపోయారనీ చూపడం ఈ వ్యాస లక్ష్యం.

గానుగ సున్నం

సిమెంటు రాకముందు తెలుగు నేలపై పెద్ద కట్టడాలకు ఆధారం సున్నపు గార. సున్నపురాయినో గుల్లనో బట్టీలో కాల్చి, నీటితో విరియించి, ఇసుక చేర్చి, గుండ్రని రాతి కాలువలో ఎద్దులు లాగే రాతిచక్రం కింద నలిపేవారు. అదే గానుగ సున్నం. 1591 నాటి చార్మినార్ నిలిచింది సున్నపు గార మీదనే. నలిపేటప్పుడు పోసేది ఉత్త నీరు కాదు. కరక్కాయలు దంచి, బెల్లం చేర్చి, కొన్ని రోజులు నానబెట్టిన నీటిని పోయడం దక్షిణదేశమంతటా ఉన్న పద్ధతి. నునుపు పూతలకు కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిపేవారు. వరాహమిహిరుని బృహత్సంహితలో ‘వజ్రలేపం’ పేరిట పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు కాచి చేసే లేపనం ఉంది. అయితే అది అంటించే జిగురు జాతికి చెందినది. గారలో కలిపే కరక్కాయ నీటిని దానితో ఒకటిగా చూపడం సరికాదు.

బెల్లం నీటిలో సున్నం మామూలు నీటిలోకన్నా ఎక్కువగా కరుగుతుంది. నానిన బెల్లం పులిసినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు సున్నం తిరిగి రాయిగా మారడానికి తోడ్పడుతుంది. కరక్కాయలో ఉండే టానిన్లు, అంటే వగరు ద్రవ్యాలు, సున్నపు రేణువులు ముద్దకట్టకుండా చూస్తాయి. చక్కెరకు మరో గుణం కూడా ఉంది. సిమెంటు బరువులో 0.05 శాతం చక్కెర చేరినా అది గట్టిపడటం కొన్ని గంటలు ఆలస్యమవుతుంది. 0.2 శాతం దాటితే గట్టిపడటమే దాదాపు ఆగిపోతుంది. కాంక్రీటు మోసే లారీ దారిలో చెడిపోతే, లోపలి మాలు రాయి కాకుండా డ్రమ్ములో పంచదార పోసే అలవాటు ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. ఈనాటి రిటార్డర్లలో విరివిగా వాడే సోడియం గ్లూకోనేటు కూడా గ్లూకోజు నుంచి తయారయ్యేదే. బెల్లపు నీటిని మూఢాచారంగా కొట్టిపారేసినవారు గమనించని సంగతి ఇది.

నీటి లెక్క

కాంక్రీటు బలాన్ని ప్రధానంగా నిర్ణయించేది సిమెంటుకూ నీటికీ ఉన్న నిష్పత్తి అని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ 1918లో నిరూపించాడు. నీరు ఎక్కువైతే మాలు సులువుగా జారుతుంది. కాని మిగులు నీరు ఆవిరైన చోట సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. నీరు తగ్గిస్తే బలం పెరుగుతుంది, పని మాత్రం కష్టమవుతుంది. ఈ చిక్కును విప్పడమే ఆధునిక అడ్మిక్స్చర్ల చరిత్ర.

మొదట 1930ల నుంచి కాగితం పరిశ్రమ వ్యర్థమైన లిగ్నోసల్ఫోనేటు వాడుకలోకి వచ్చింది. అది చెట్టు నుంచి వచ్చిన పదార్థమే. 1938లోనే నాఫ్తలీన్ సల్ఫోనేటు సమ్మేళనానికి అమెరికాలో పేటెంటు లభించినా, చాలాకాలం అది మూలనే ఉండిపోయింది. 1960లలో జపానులో కెనిచి హత్తోరి దానిని కాంక్రీటుకు అనువుగా తీర్చాడు. దాదాపు అదే కాలంలో జర్మనీలో మెలమైన్ ఆధారిత ద్రవ్యం వచ్చింది. ఇవే సూపర్‌ప్లాస్టిసైజర్లు. నీటిలో కలిసిన సిమెంటు రేణువులు గుంపులుగా చేరి కొంత నీటిని తమలో బంధించుకుంటాయి. ఈ ద్రవ్యం ఆ రేణువులకు అంటుకుని, అన్నిటికీ ఒకే రకమైన విద్యుదావేశం కలిగించి, ఒకదాన్నొకటి నెట్టుకునేలా చేస్తుంది. బందీ అయిన నీరు బయటపడుతుంది. అందువల్ల సుమారు 15 నుంచి 30 శాతం నీరు తగ్గించినా మాలు జారుడుగానే ఉంటుంది. 1980లలో వచ్చిన పాలికార్బాక్సిలేట్లు దువ్వెన పళ్ళవంటి పక్కశాఖలతో రేణువులను మరింత దూరంగా నిలుపుతాయి.

భారత ప్రమాణాల సంస్థ అడ్మిక్స్చర్ల కోసం ఐ.ఎస్. 9103ను 1979లో తొలిసారి ప్రకటించింది. ప్రమాణాలు లేకుండా వాడితే ఎదురయ్యే ముప్పుకు కాల్షియం క్లోరైడు ఉదాహరణ. త్వరగా గట్టిపడేందుకు ఒకప్పుడు దానిని ధారాళంగా కలిపేవారు. లోపలి ఇనుపచువ్వలను అది తుప్పు పట్టిస్తుందని ఆ తరువాత బోధపడింది. కడలిగాలి తగిలే విశాఖ వంటి ఊరికి ఇది పుస్తకాలకే పరిమితమైన విషయం కాదు.

ఉక్కు, దాని శేషాలు

‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. తొలి బ్లాస్ట్ ఫర్నేసు ‘గోదావరి’ 1990లో మండింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ ఘట్టాల గురించి చాలానే రాశారు. కాంక్రీటు చరిత్రకు కావలసింది ఉక్కు వెంట వచ్చిన ఉపోత్పత్తుల కథ.

కొలిమి నుంచి ఇనుముతోపాటు కరిగి వచ్చే మలాన్ని పూర్వం ‘చిట్టెం’ అన్నారు. కరిగిన స్లాగును నీటితో చప్పున చల్లార్చితే గాజులాంటి రేణువులవుతుంది. సున్నం తోడైతే దానికి సిమెంటు గుణం వస్తుందని జర్మనీలో 1862లో ఎమిల్ లాంగెన్ గుర్తించాడు. ఐ.ఎస్. 455 ప్రకారం స్లాగ్ సిమెంటులో ఇది 25 నుంచి 70 శాతం వరకు ఉండవచ్చు. విశాఖ ఉక్కు అమ్మే ఉపోత్పత్తుల్లో ఈ రేణుస్లాగ్ ఒకటి. బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల నుంచి వచ్చే నాఫ్తలీన్ మరొకటి. నాఫ్తలీన్‌ను సల్ఫోనేటు చేసి ఫార్మాల్డిహైడుతో కలిపితే వచ్చేదే హత్తోరి ద్రవ్యం. అంటే ఆధునిక కాంక్రీటుకు రెండు మూలద్రవ్యాలు ఒకే ఆవరణలో పుడుతున్నాయి. సింహాద్రి బూడిద మూడవది. పాత గారకు అనకాపల్లి బెల్లం, మన్యపు కరక్కాయ ఎంత స్థానికమో, కొత్త మాలుకు ఇవి అంత స్థానికం.

పేరు, చేయి

అయినా ఒక తేడా ఉంది. కరక్కాయ పేరూ దాని వగరూ కూలికి తెలుసు. కొత్త ద్రవ్యం డ్రమ్ముల్లో ఆంగ్ల సంకేతాక్షరాలతో వస్తుంది. పనిచోట దానిని ‘కెమికల్’ అంటారు. ఆ ఒక్క మాటలోనే నీరు తగ్గించేది, గట్టిపడటాన్ని ఆపేది, త్వరపెట్టేది, నీరు దిగకుండా చేసేది అన్నీ ఇమిడిపోతాయి. పని వేరైన వాటికి పేరు ఒకటే కావడం భాషా సమస్యగా మొదలై నిర్మాణ సమస్యగా తేలుతుంది.

గానుగ దగ్గర నీరు పోసేవారికీ గోడ కట్టేవారికీ మధ్య దూరం తక్కువ. మాలు చేతికి ఎలా తగులుతుందో దాన్నిబట్టి మేస్త్రీ పాళ్ళు మార్చేవాడు. ఇప్పుడు మోతాదు ప్రయోగశాలలో తేలుతుంది. కలిపేది మిక్సింగ్ ప్లాంటులో, పోసేది మరెక్కడో. ఎండలో లారీ ఆలస్యమైతే సూపర్‌ప్లాస్టిసైజర్ ప్రభావం తగ్గి మాలు బిగుసుకుంటుంది. స్లాబు మీద ఉన్న పనివాడి చేతిలో ఉన్న ఒకే ఉపాయం నీటి బక్కెట్టు. అతని దృష్టిలో అది తప్పు కాదు, మాలును దారికి తెచ్చే పాత తెలివే. ఐ.ఎస్. 456:2000 సముద్రతీర వాతావరణానికి గురయ్యే ఆర్.సి.సి.కి నీటి-సిమెంటు నిష్పత్తిని 0.45కు పరిమితం చేసింది. అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు. బస్తాకు ఐదు లీటర్లు అదనంగా పడితే నిష్పత్తి 0.55 అవుతుంది. సూపర్‌ప్లాస్టిసైజర్ ఆదా చేసిన నీరు అక్కడే తిరిగి చేరుతుంది, ఉప్పుగాలి చువ్వల దాకా పోయే దారి తెరుచుకుంటుంది. బిగుసుకున్న మాలుకు పోయవలసింది నీరు కాదు, ఇంజనీరు అనుమతితో అదే ద్రవ్యపు మరో మోతాదు. ఈ ఒక్క వాక్యాన్ని డ్రమ్ము మీద తెలుగులో అచ్చువేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.