మునిర్కాలో ఫ్రెంచి మాట

ఢిల్లీ కాలనీల పేర్ల చివర తరచుగా తగిలే మాట ఎన్‌క్లేవ్. సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్, హౌజ్‌ఖాస్ ఎన్‌క్లేవ్, వసంత్ ఎన్‌క్లేవ్. మునిర్కా ఊళ్లో మేముండే సందుకి కూతవేటు దూరంలో మునిర్కా ఎన్‌క్లేవ్. గేటు, కాపలా మనిషి, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకునే రిజిస్టరు, లోపల డీడీఏ (ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ) ఫ్లాట్లు. ఇక్కడివాళ్లకి ఆ మాటంటే కాస్త కలిగినవాళ్లుండే చోటు. నేను కాకినాడ వైపు పుట్టినవాణ్ణి. ఆ మాట వింటే నాకు యానాం గుర్తొస్తుంది.

మాట ఫ్రెంచివాళ్లది. లాటిన్‌లో క్లావిస్ అంటే తాళంచెవి. దాన్నుంచే లోపల పెట్టి తాళం వేయడం అనే అర్థంతో ఫ్రెంచి క్రియ పుట్టింది. కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి కార్డినళ్లు తలుపులు మూసుకుని కూర్చునే కాంక్లేవ్ కూడా ఆ కుటుంబంలోదే. 19వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చాక ఎన్‌క్లేవ్ దేశపటాల మీద మాట అయింది గానీ, ఫ్రాన్సులో అది పొలం గట్ల మీద కూడా బతికింది. చుట్టూ పరాయి భూములే ఉండి రోడ్డెక్కే దారి లేని పొలం ఎన్‌క్లేవ్. అలాంటి రైతు నష్టపరిహారం ఇచ్చి పక్కవాడి భూమిలోంచి దారి అడగొచ్చని 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ 682వ అధికరణంలో రాసుకున్నారు. పుంతదారి కోసం కోర్టు మెట్లెక్కిన మన గోదావరి రైతుకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక యానాం. చుట్టూ ఇంగ్లీషువాళ్ల గోదావరి జిల్లా, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల నేల మీద ఫ్రెంచి చట్టం. 1929లో బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం వచ్చాక ఇవతలివాళ్లు పసిపిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవారు. ఊరికి కల్యాణపురమని పేరొచ్చింది. వినడానికి ఎంత బాగుంటుందో, ఆ ఆడపిల్లల్ని తలుచుకుంటే అంత కడుపు తరుక్కుపోతుంది. 1954 జూన్‌లో దడాల రాఫేల్ రమణయ్య ముందుండి నడిపిన ఉద్యమం ఊరిని చేజిక్కించుకుంది. చట్టరీత్యా భారత్‌లో కలిసింది 1962 ఆగస్టు 16న. గీత దాటగానే చట్టం మారిపోవడం, ఎన్‌క్లేవ్ అంటే అసలు అదీ.

ఆ లెక్కన మునిర్కాలో గేటున్నది ఎన్‌క్లేవ్ కాదు. మిగతా నగరానికున్న రూలే దానికీ ఉంది. వేరే రూలు కింద బతికింది పక్కనున్న మునిర్కా ఊరు.

ఇది టోకస్ గోత్రపు జాట్ రైతుల ఊరు. 1908 నాటి భూమి సెటిల్‌మెంటులో ఇళ్లున్న మేర చుట్టూ పటం మీద ఎర్ర గీత గీశారు. దాన్నే లాల్ డోరా అంటారు. గీత లోపల ఇళ్లు, బయట సేద్యం. 1911లో రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించారు. 1947 తర్వాత శరణార్థులతో నగరం పొంగింది. 1957లో డీడీఏ ఏర్పడింది. 1959 నవంబరులో ఒక్క నోటిఫికేషన్‌తో 34,070 ఎకరాల సేకరణకి పూనుకున్నారు. ఆ దశాబ్దాల్లో మునిర్కా పొలాలు ఆర్.కె.పురం, వసంత్ విహార్, జేఎన్‌యూల కిందకి పోయాయి. ఎర్ర గీత లోపలి ఇళ్లు మాత్రం మిగిలాయి. 1963లో కార్పొరేషన్ ఆ ఇళ్లని కట్టడాల నిబంధనల నుంచి మినహాయించింది. రైతు పశువుల పాక వేసుకోవడానికి ప్లాను పట్టుకుని ఆఫీసుకి తిరగనక్కర్లేకపోయింది. అప్పటికది సబబే. పొలం పోయాక రైతుకి మిగిలింది ఇంటి జాగా ఒక్కటే. దాని మీద అంతస్తులు లేచాయి. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

మా సందులో బాల్కనీలోంచి చెయ్యి చాస్తే ఎదురింటి కమ్మీ అందుతుంది. తల మీద కరెంటు తీగలు ఉండలు కట్టి వేలాడుతుంటాయి. కింది గదుల్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యాల్సిందే. మణిపూర్ పిల్లలు, సివిల్స్‌కి చదివే మన పిల్లలు తలదాచుకునేది ఈ గదుల్లోనే. గేటు కాలనీల్లో వాళ్లు భరించగల అద్దె దొరకదు.

ఫ్రెంచి కోడ్ చిక్కుకున్న పొలానికి దారి ఇప్పించింది. చిక్కుకున్న ఈ ఊరికి దారి ఎవరూ ఇప్పించలేదు. మా సందులోకి ఫైరింజన్ రాలేదు. కార్పొరేషన్ ఇంటివాళ్లకి పరిహారమిచ్చి సందులు వెడల్పు చెయ్యాలని నేను గట్టిగా కోరుకుంటాను. మా ఇంటి యజమాని తావూజీతో ఒకసారి ఈ మాటే అన్నాను. గోడ రెండడుగులు వెనక్కి జరపడానికి ఆయన సిద్ధమే. ఎదురింటివాళ్లు కూడా జరపాలనీ, డబ్బు ముందే చేతికి రావాలనీ, పొలాలు తీసుకున్నప్పటిలా ఈసారి చెప్పిన ధరకి తలూపేది లేదనీ అన్నాడు.