ఫైల్ సిస్టమ్‌లలో మెటాడేటా పనితీరు కొలత

ఒక ఫైల్ గురించి ఫైల్ సిస్టమ్ దాచుకునే వివరాలను మెటాడేటా అంటారు. పేరు, పరిమాణం, యజమాని, అనుమతులు, చివరగా మార్చిన సమయం, డిస్కుపై దాని బ్లాకుల జాడ ఇందులోకి వస్తాయి. ఫైల్‌ను సృష్టించడం, వివరాలు అడగడం, పేరు మార్చడం, తొలగించడం వంటి పనులు సెకనుకు ఎన్ని జరుగుతున్నాయో కమాండ్ లైన్ ఉపకరణంతో లెక్కగట్టడమే మెటాడేటా పనితీరు కొలత. డేటా బదిలీ వేగాన్ని మెగాబైట్లలో చెబుతారు, మెటాడేటా వేగాన్ని ఆపరేషన్ల సంఖ్యలో చెబుతారు. ఈ రెండింటిలో ఒకటి బాగున్నంత మాత్రాన రెండోది బాగుండాలని లేదు. పెద్ద వీడియో ఫైల్‌ను సునాయాసంగా అందించే సర్వరే లక్షల చిన్న ఫైళ్లున్న డైరెక్టరీని చెరిపేటప్పుడు చతికిలబడవచ్చు.

తొలి దశ

శ్రేణులుగా అమరే డైరెక్టరీల ఆలోచన 1965 నాటి మల్టిక్స్ రూపకల్పనలో ఉంది. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను తీర్చిదిద్దుతూ ఫైల్ పేరును డైరెక్టరీలోనూ, మిగతా వివరాలను ఐనోడ్ అనే చిన్న నమోదులోనూ ఉంచారు. ఎంతో సొగసైన ఏర్పాటు ఇది. ఒకే ఫైల్‌కు అనేక పేర్లు పెట్టుకోవడం దీనివల్లే కుదిరింది. అయితే ఐనోడ్‌లన్నీ డిస్కు మొదట్లో, డేటా ఆ తర్వాత ఉండడంతో చిన్న ఫైల్‌ను చదవాలన్నా డిస్కు హెడ్ అటూ ఇటూ తిరగాల్సి వచ్చేది.

బర్క్లీ నుంచి మొదలైన పరిశోధనలు, 1984–2000

మార్షల్ కిర్క్ మెక్‌కుసిక్, విలియం జాయ్, శామ్యూల్ లెఫ్లర్, రాబర్ట్ ఫాబ్రీ 1984లో బర్క్లీ ఫాస్ట్ ఫైల్ సిస్టమ్‌ను వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. డిస్కును సిలిండర్ గ్రూపులుగా విడగొట్టి, ఐనోడ్‌లను వాటి డేటాకు దగ్గరగా చేర్చడం అందులోని ముఖ్య సూత్రం. పాత ఫైల్ సిస్టమ్ డిస్కు బదిలీ సామర్థ్యంలో 2 నుంచి 4 శాతమే వాడుకోగలిగితే కొత్తది 47 శాతం దాకా వాడుకుందన్న లెక్క బాగా ప్రసిద్ధి పొందింది. అదే వ్యాసంలో అంతగా ఎవరూ ఎత్తిచూపని మరో కొలత ఉంది. డైరెక్టరీలో ఏమున్నాయో చూపించే మామూలు కమాండ్‌ను పెద్ద డైరెక్టరీలపై నడిపి, ఐనోడ్‌ల కోసం డిస్కును ఎన్నిసార్లు ముట్టుకోవాల్సి వచ్చిందో వారు లెక్కపెట్టారు. లోపల డైరెక్టరీలు ఎక్కువగా ఉన్నచోట ఆ సంఖ్య సగానికి తగ్గింది. ఫైళ్లు మాత్రమే ఉన్నచోట ఎనిమిదో వంతుకు పడిపోయింది. మెటాడేటా ఖర్చును కమాండ్ లైన్ నుంచి విడిగా కొలిచిన తొలి చక్కటి ఉదాహరణల్లో దీన్ని చేర్చవచ్చు.

ఈ ఫైల్ సిస్టమ్‌కు ఒక బరువు మిగిలిపోయింది. కరెంటు పోయినా నిర్మాణం చెడకుండా ఉండాలంటే కొత్త ఐనోడ్, దాన్ని చూపే డైరెక్టరీ నమోదు సరైన వరుసలో డిస్కుకు చేరాలి. అందుకని మెటాడేటా మార్పు డిస్కుపై పడేవరకూ ప్రోగ్రామ్ ఆగి ఉండేది. ప్రాసెసర్ ఎంత వేగం పుంజుకున్నా ఫైల్ సృష్టి మాత్రం డిస్కు వేగానికే కట్టుబడింది. జాన్ ఔస్టర్‌హౌట్ 1990లో ఈ సంగతిని అంకెలతో బయటపెట్టారు. ఒక తాత్కాలిక ఫైల్‌ను సృష్టించి, రాసి, చదివి, తొలగించే చిన్న పరీక్షను ఆయన రకరకాల యంత్రాలపై నడిపారు. హార్డ్‌వేర్ పెరిగినంత వేగంగా ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎందుకు పెరగడం లేదన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాల్లో ఇది బలమైనది.

తర్వాతి అడుగు మెండెల్ రోసెన్‌బ్లమ్, ఔస్టర్‌హౌట్ కలిసి వేశారు. మార్పులన్నీ డిస్కుపై ఒకే వరుసలో రాసుకుంటూ పోయే స్ప్రైట్ ఎల్ఎఫ్ఎస్‌ను వారు 1991లో ప్రకటించారు. ఒక్కో కిలోబైట్ ఉండే 10,000 ఫైళ్లను సృష్టించడం, అదే వరుసలో చదవడం, తర్వాత చెరపడం వారి పరీక్ష. సృష్టిలోనూ తొలగింపులోనూ ఎల్ఎఫ్ఎస్ అప్పటి సన్ కంపెనీ యూనిక్స్ అయిన సన్ఓఎస్ కంటే దాదాపు పది రెట్లు వేగంగా నడిచింది. సృష్టి దశలో సన్ఓఎస్ డిస్కును 85 శాతం సమయం పనిలో ఉంచినా, కొత్త డేటాకు ఉపయోగపడింది ఆ డిస్కు బదిలీ సామర్థ్యంలో సుమారు 1.2 శాతమే. స్ప్రైట్‌లో డిస్కు 17 శాతం సమయమే పనిచేసింది, ప్రాసెసర్ మాత్రం పూర్తిగా నిండిపోయింది. అడ్డంకి ఎక్కడుందో ఇంత స్పష్టంగా చూపిన ఫలితాలు అరుదు. సృష్టి, చదువు, తొలగింపు అన్న ఈ మూడు మెట్ల క్రమమే నేటి ఉపకరణాల్లోనూ కనిపిస్తుంది.

గ్రెగరీ గాంగర్, యేల్ ప్యాట్ 1994లో సాఫ్ట్ అప్‌డేట్స్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. ఏ మార్పు దేనిపై ఆధారపడిందో మెమరీలో గుర్తుపెట్టుకుని, ఆగకుండానే సరైన వరుసలో రాయడం దాని పని. 2000లో మార్గో సెల్ట్జర్ బృందం ఆ పద్ధతిని, మార్పులను ముందుగా ఒక లాగ్‌లో రాసుకునే జర్నలింగ్‌తో పోల్చింది. ఎలాంటి రక్షణా లేకుండా అన్నీ ఆలస్యంగా రాసే ఫైల్ సిస్టమ్‌ను వారు గరిష్ఠ వేగానికి కొలబద్దగా పెట్టుకున్నారు. ప్రతి మార్పు వెంటనే డిస్కుపై పడి తీరాలంటే జర్నలింగ్ కూడా నెమ్మదిస్తుందని తేల్చారు. అప్పటినుంచి సెకనుకు ఇన్ని ఫైళ్లు అన్న అంకె చూసిన నిపుణులు ముందుగా అడిగేది వాటిలో డిస్కుకు చేరినవెన్ని అనే.

ఇదే కాలంలో నెట్‌వర్క్ ఫైల్ సర్వర్లకూ పరీక్షలు వచ్చాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి 1988లో వెలువడిన ఆండ్రూ బెంచ్‌మార్క్‌లో ఒక దశ ఫైళ్లను తెరవకుండా వాటి వివరాలు మాత్రమే అడుగుతుంది. 1993 నాటి స్పెక్ ఎస్ఎఫ్ఎస్‌లోని లాడిస్ పరీక్షలో పేరు వెతికే అభ్యర్థనలు 34 శాతం, వివరాలు అడిగేవి 13 శాతం ఉండగా, చదివేవి 22 శాతం, రాసేవి 15 శాతం మాత్రమే.

అందరి చేతికీ వచ్చిన ఉపకరణాలు

లారీ మెక్‌వాయ్, కార్ల్ స్టేలిన్ 1996లో ప్రకటించిన ఎల్ఎంబెంచ్‌లో చిన్న ఫైళ్లను సృష్టించి చెరిపే పరీక్ష ఒకటి ఉంది. మరుసటి ఏడాది నెట్‌వర్క్ అప్లయన్స్‌లో జెఫ్రీ కాచర్ రాసిన పోస్ట్‌మార్క్ ఈమెయిల్, న్యూస్ సర్వర్ల పనిని అనుకరించింది. చిన్న ఫైళ్ల గుంపును తయారుచేసి, వాటిపై సృష్టి, తొలగింపు, చదువు, చేర్పులను కలగలిపి నడుపుతుంది. వాడడం తేలిక కావడంతో పరిశోధనా వ్యాసాల్లో విరివిగా చోటు సంపాదించింది. కానీ 500 ఫైళ్లు, 500 లావాదేవీలన్న దాని మొదటి అమరికలను మార్చకుండా వాడితే కొత్త యంత్రాలపై పరీక్ష అంతా మెమరీలోనే ముగిసిపోతుంది. అవిషాయ్ ట్రేగర్, ఎరెజ్ జడోక్ ప్రభృతులు 2008లో 106 వ్యాసాల్లోని 415 బెంచ్‌మార్క్‌లను పరిశీలించి ఇలాంటి లోపాలను ఓపికగా ఎత్తిచూపారు.

టిమ్ బ్రే రాసిన బానీని రసెల్ కోకర్ విస్తరించి బానీ ప్లస్ ప్లస్ చేశారు. ఫైళ్ల సృష్టి, వివరాల అడుగు, తొలగింపులను ఇది పేర్ల వరుసలో ఒకసారి, చెదురుమదురుగా ఒకసారి కొలుస్తుంది. ఫైళ్ల సంఖ్యను 1,024 గుణిజాల్లో ఇవ్వాలి. పరీక్ష మరీ త్వరగా ముగిసిపోతే అంకెకు బదులు కూడిక గుర్తుల వరుసను ముద్రిస్తుంది. నమ్మదగని అంకె చూపించడం కంటే అసలు చూపించకపోవడమే మేలన్న ఈ నిర్ణయం ప్రశంసనీయం. రిక్ వీలర్ రాసిన ఎఫ్ఎస్ మార్క్‌లో ఫైల్‌ను డిస్కుకు ఎప్పుడు, ఎలా చేర్చాలో వాడేవారే ఎంచుకోవచ్చు. మెటాడేటా పనుల్లో నెమ్మదని పేరుపడ్డ ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు 2010లో లినక్స్ 2.6.35తో ఆలస్యంగా లాగ్ రాసే పద్ధతి వచ్చింది. 2012లో డేవ్ చిన్నర్ ఆ మెరుగుదలను ఎఫ్ఎస్ మార్క్ ఫలితాలతోనే చూపించారు.

ఎండీటెస్ట్

సూపర్‌కంప్యూటర్లలో వేల ప్రాసెస్‌లు ఒకేసారి ఫైళ్లు తెరుస్తాయి కాబట్టి ఒకే యంత్రంపై నడిచే పరీక్షలు అక్కడ చాలవు. కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్మోర్ జాతీయ ప్రయోగశాల తయారుచేసిన ఎండీటెస్ట్ ఈ అవసరాన్ని తీర్చింది. ప్రాసెస్‌ల మధ్య సందేశాలు పంపే ఎంపీఐ సాయంతో అన్ని ప్రాసెస్‌లూ ఒక్కో దశను కలిసి మొదలుపెడతాయి. డైరెక్టరీల సృష్టి, వివరాల అడుగు, తొలగింపు ముందు జరుగుతాయి. తర్వాత ఫైళ్ల సృష్టి, వివరాల అడుగు, చదువు, తొలగింపు జరుగుతాయి. ప్రతి దశకూ సెకనుకు ఎన్ని ఆపరేషన్లు జరిగాయో గరిష్ఠం, కనిష్ఠం, సగటు, ప్రామాణిక విచలనంతో సహా తెరపై వస్తుంది.

కమాండ్‌లో ఎన్ అన్న చిన్నక్షరం ఒక్కో ప్రాసెస్ సృష్టించే అంశాల సంఖ్యను, జెడ్ చెట్టు లోతును, బి కొమ్మల సంఖ్యను నిర్ణయిస్తాయి. 64 ప్రాసెస్‌లకు ఒక్కోదానికి 1,000 చొప్పున ఇస్తే 64,000 ఫైళ్లు పుడతాయి. యు అని చేరిస్తే ప్రతి ప్రాసెస్ తన సొంత డైరెక్టరీలో పనిచేస్తుంది. చేర్చకపోతే అన్నీ ఒకే డైరెక్టరీ తాళం కోసం పోటీపడతాయి. ఈ రెండు ఫలితాల మధ్య తేడా చూస్తే ఫైల్ సిస్టమ్ రూపకల్పన గురించి చాలా తెలుస్తుంది.

అన్నిటికంటే తెలివైనది పెద్ద ఎన్ ఐచ్ఛికం. ఒక యంత్రం సృష్టించిన ఫైళ్ల వివరాలను అదే యంత్రం అడిగితే సమాధానం దాని కాష్ నుంచే వస్తుంది, సర్వర్‌కు పని పడదు. ఈ ఐచ్ఛికంతో ప్రతి ప్రాసెస్ పక్క యంత్రం సృష్టించిన ఫైళ్లను అడిగేలా చేయవచ్చు. సృష్టి, వివరాల అడుగు, తొలగింపు దశలను వేర్వేరుగా నడిపి, మధ్యలో కెర్నల్ దాచుకున్న ఐనోడ్‌లను, డైరెక్టరీ నమోదులను ఖాళీ చేయడం మరో మార్గం.

సూపర్‌కంప్యూటర్లలో వాడే లస్టర్ ఫైల్ సిస్టమ్ చాలాకాలం ఒకే మెటాడేటా సర్వర్‌పై ఆధారపడింది, ఎండీటెస్ట్ కొలిచే వేగానికి ఆ సర్వరే హద్దు. 2013లో వచ్చిన 2.4 రూపాంతరం డైరెక్టరీలను అనేక సర్వర్లకు పంచే వీలు కల్పించింది.

ఐఓ500

సూపర్‌కంప్యూటర్ల నిల్వ వ్యవస్థలకు ర్యాంకులిచ్చే ఐఓ500 జాబితా 2017 నవంబరులో డెన్వర్‌లో జరిగిన సూపర్‌కంప్యూటింగ్ సదస్సులో మొదలైంది. దీని మెటాడేటా భాగానికి ఎండీటెస్ట్ ఆధారం. సులభ పరీక్షలో ప్రాసెస్‌లు వేర్వేరు డైరెక్టరీల్లో ఖాళీ ఫైళ్లు సృష్టిస్తాయి. కఠిన పరీక్షలో అన్నీ ఒకే డైరెక్టరీలో 3,901 బైట్ల ఫైళ్లు సృష్టిస్తాయి. సృష్టి దశలు కనీసం 300 సెకన్లు సాగాలి. సృష్టించిన ఫైళ్లలోంచి కొన్నిటిని వెతికే దశ కూడా మెటాడేటా లెక్కలోకి వస్తుంది. తుది మార్కు బదిలీ వేగానికి, మెటాడేటా వేగానికి గుణోత్తర సగటు. అందువల్ల మెటాడేటాను నిర్లక్ష్యం చేసిన వ్యవస్థ బదిలీ వేగం ఒక్కదానితో పైకి రాలేదు. ఎండీటెస్ట్ ఇప్పుడు బదిలీ వేగాన్ని కొలిచే ఐఓఆర్‌తో కలిసి ఒకే మూలకోడ్‌గా విడుదలవుతోంది.